వార్త వినే మనిషి

కుప్పం పక్క పల్లెలో శ్రీ ధర్మరాజ నాటక కంపెనీ వాళ్ళ భారతం చివరి రోజుకు వచ్చింది. పుంగనూరు నుంచి వచ్చిన ఈ కంపెనీ ఒకే ఇంటి మనుషులది. పెద్దకొడుకు ఉమాశంకర్ దుర్యోధనుడు, చిన్నకొడుకు దేవేంద్ర భీముడు. వాళ్ళ నాయన కృష్ణప్ప మదనపల్లె ఆస్పత్రిలో ఊపిరందక పడి ఉన్నాడని తెలిసి ఉమాశంకర్ బస్సెక్కబోతే, ఆట మధ్యలో పోతే ఎట్లా అని పోయిన వారం అందరూ కలిసి ఆపేశారు. ఆగాడు గానీ, పెళ్ళాం భారతి చేత చేతిలో చెయ్యి వేయించుకుని మరీ ఒక మాట తీసుకున్నాడు. మా నాయనకు ఏమన్నా అయితే నాకు నీ నోటితోనే తెలియాల, ఇంకొకరు చెప్పగా నేను వినకూడదు అన్నాడు. భారతి సరేనంది.

ఆ సరే అన్న మాట ఈ పొద్దున ఆమె గొంతుకు అడ్డం పడింది.

డేరా వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. దుర్యోధన వధ ఆడే రోజు పొద్దున ఆటగాళ్ళు ఒక్క పొద్దు ఉంటారు. దుర్యోధనుడు పడ్డాకే అన్నాలు. ఆ వేళకు అన్నీ సిద్ధంగా ఉండాలని భారతి చీకటితోనే పొయ్యి ముట్టించింది. పక్కనే బియ్యం బస్తా మీద తువ్వాలులో కట్టిన ఫోన్ల మూట ఉంది. ఆ రోజు కంపెనీలో ఎవరి దగ్గరా ఫోన్ ఉండదు. స్నానాలు కాగానే ఎవరికి వాళ్ళు ఆర్పేసి తెచ్చి ఆమె చేతికిస్తారు. మోగే ఫోన్ ఆమెదొక్కటే.

అది మోగింది. అత్త యశోదమ్మ.

"మీ మామ పోయినాడు భారతీ," అంది. గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి నిలిచిపోయాక వచ్చే గొంతు అది. "ఇప్పుడే. తెల్లగా తెల్లారినాక."

భారతి చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. మధ్యాహ్నానికి పుంగనూరు ఇంటికి తెస్తారని, పెద్దోడు వచ్చేదాకా ఉంచుతారని, ఎండలు ఎక్కువగా ఉన్నాయని, యశోదమ్మ ఒక్కో మాటే చెప్పుకుంటూ పోయింది. అన్నీ విని భారతి అడగాల్సింది అడిగింది. "ఇప్పుడు నేనేం చేయాల అత్తా?"

అటువైపు నుంచి ఆస్పత్రి వరండాలో ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు మాత్రం వినపడింది.

ఇక్కడ ఈ ఇంటి పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. చావు మైల చచ్చినప్పటి నుంచి కాదు, చెవిన పడినప్పటి నుంచి లెక్క. వినని మనిషికి మైల లేదు. ఆట మొదట్లో కంకణం కట్టుకున్నవాళ్ళకు మైల అంటదని కొందరంటారు గానీ, కన్నవాళ్ళ, తోడబుట్టినవాళ్ళ, కన్నబిడ్డల చావు ముందు కంకణం నిలవదని ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్ముతాయి. వార్త వింటే ఆటగాడు రంగు కడిగేసుకుని దిగిపోవాల్సిందే. కృష్ణప్ప చిన్నగా ఉన్నప్పుడు పెద్దమండ్యం పక్క ఒక పల్లెలో అట్లాగే జరిగింది. భీముడు కట్టే మనిషికి తమ్ముడు పోయిన కబురు వచ్చింది. ఆట ఆగింది. మట్టితో చేసి పడుకోబెట్టిన దుర్యోధనుడు ఎవరూ చంపకుండానే ఎండకు పగిలిపోయాడు. ఆ ఏడు శెనక్కాయలు భూమిలోనే మాడిపోయాయి. వాన లేకపోవడానికి కంపెనీ ఏం చేస్తుంది? కానీ ఆ ఊరు మళ్ళీ పిలవలేదు. సగం భారతం కంపెనీ అనే పేరు చాలా ఏళ్ళు వీళ్ళ ముందు ముందే ఊళ్ళకు పోయింది.

అప్పుడు కృష్ణప్ప తల్లి చిక్కమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ఇంటి నుంచి ఎవరు ఏ కబురు తెచ్చినా ముందు ఆమెతో చెప్పాలి. మంచి అయితే అందరికీ చెబుతుంది, చెడు అయితే ఆట ముగిసేదాకా తన కడుపులో పెట్టుకుంటుంది. మైల ఆమె ఒక్కతే మోస్తుంది. మోస్తూనే వండుతుంది, వడ్డిస్తుంది, కిరీటాలు అందిస్తుంది. ముట్టుకోకుండా దూరంగా ఉంటే అందరికీ తెలిసిపోతుంది కాబట్టి ముట్టుకోవాలి. ఆ పాపం కూడా ఆమెదే. చిక్కమ్మ తరవాత ఆ పని యశోదమ్మకు వచ్చింది. యశోదమ్మ మోకాళ్ళు పట్టేసి ఊళ్ళు తిరగడం మానుకున్నాక భారతికి వచ్చింది. ఇన్నేళ్ళలో భారతి దాచాల్సి వచ్చినవి దూరపు చుట్టాల చావులు, ఒక ఎద్దు, ఒక ఎండిన బోరు. అంతకంటే పెద్దది ఇంతవరకూ రాలేదు.

"నిన్న సాయంత్రం మాట్లాడినాడు మీ మామ," అంది యశోదమ్మ ఎట్టకేలకు. "సదుం మాట ఎత్తినాడు."

సదుం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అప్పటికి ఉమాశంకర్ పుట్టలేదు. యశోదమ్మకు తొలిచూలు ఆడబిడ్డ, ఇంకా పాలు తాగే పిల్ల. సదుంలో భారతం ఆడుతుండగా వధ రోజు పొద్దున జ్వరంతో డేరాలోనే కన్నుమూసింది. చిక్కమ్మ ఆ బిడ్డను దుప్పట్లో చుట్టుకుని, బతికిన పిల్లను ఎత్తుకున్నట్టే భుజాన వేసుకుని, పుంగనూరు బస్సెక్కింది. యశోదమ్మ మొగుడితో జ్వరం ఎక్కువైందని, అత్త ఆస్పత్రికి తీసుకుపోయిందని చెప్పి, అతని నడుముకు పట్టీ కట్టి ఆటకు పంపింది. ఆ పొద్దు కృష్ణప్ప ఆడినట్టు మళ్ళీ ఎవరూ ఆడలేదని సదుం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కంపెనీకి పేరు నిలబెట్టిన ఆట అది. ఇంట్లో ఆ పేరు ఎత్తితే యశోదమ్మ లేచి పెరట్లోకి పోతుంది.

"ఆయనకు తెలుసంట భారతీ," అంది యశోదమ్మ. "ఆ పొద్దే తెలుసంట."

"ఎట్లా అత్తా?"

"నడుంపట్టీ కట్టేటప్పుడు నా రైక తడిసి ఉండిందంట. పాలు కారినాయి. పాలు తాగే బిడ్డను తల్లి లేకుండా ఆస్పత్రికి ఎవరు పంపుతారే యశోదా, ఆ తడి సూసినాక ఇంగ నేను అడిగేదేముండాది, అన్నాడు. తెలిసీ పోయి ఆడినాడు. ఇంటికొచ్చినాక నేను చెప్తే అప్పుడే విన్నట్టు కూలబడి ఏడ్చినాడు. నేను ఆయన్ని మోసం చేసినా అనుకుంటా ఇంతకాలం బతికినా. ఒక బిడ్డ కోసరం ఇద్దరమూ చెరొక తట్టు ఏడ్చినాము తల్లీ. ఒక్కపొద్దయినా కలిసి ఏడవలా. నిన్న చెప్పినాడు. తెల్లారి పోయినాడు. ఇప్పుడు ఏడుద్దామంటే ఆ మనిషి లేడు."

భారతి చెప్పమంటావా, వద్దంటావా అని మళ్ళీ అడిగింది. చెప్పమని చెప్పను, చెప్పొద్దనీ చెప్పను, నాకు ఆ పెద్దరికం నిన్నటితో పోయింది అని యశోదమ్మ ఫోన్ పెట్టేసింది.

మాడు వాసన వచ్చేదాకా భారతి కదల్లేదు.

"వదినా, పప్పు మాడతాండాది. ఈ పొద్దు దుర్యోధనునితో పాటు మమ్మల్ని కూడా సంపేట్టుండావే," అంటూ దేవేంద్ర వచ్చాడు. ఒంటికి రంగు పూసుకుని, మీసం ఒకవైపే దిద్దుకుని ఉన్నాడు. గద దెబ్బకు నెత్తురులా కారేందుకు మట్టి దుర్యోధనుడి తొడలో దాచే కుంకుమ నీళ్ళ కుండ కోసం వచ్చాడు. నవ్వుతూ వచ్చినవాడు ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. ఆ చూపు ఆమె చేతిలో ఫోన్ మీదికి పోయి అంతే తొందరగా పక్కకు తప్పుకుంది.

"దేవేంద్రా, అత్త..."

అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నేను అడగలా."

"వినప్పా ఒక్క మాట."

"నేను అడగలా వదినా. నువ్వు చెప్పలా. కుండ యాడుండాది?"

కుండ అతని కాళ్ళ దగ్గరే ఉంది. ఇద్దరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు. భారతికి ఒళ్ళు మండింది. మీ అన్న నా దగ్గర మాట తీసుకున్నాడు, ఆ మాట ఇప్పుడు ఏం చేయమంటావని అడిగింది. దేవేంద్ర గొంతు తగ్గించి, బయట ఊరు ఊరంతా వచ్చి కూర్చుందని, పక్క పల్లెల నుంచి ట్రాక్టర్లు ఇంకా వస్తున్నాయని అన్నాడు. ఆర్కెస్ట్రాల కాలంలో కూడా ఈ పల్లె ఒక్కటే పద్దెనిమిది దినాల ఆట పూర్తిగా పెట్టించుకుంటోంది, ఈడ కూడా సగం భారతం అయితే ఇంగ మనం టమేటా మండీలో గంపలు ఎత్తుకోవాల్సిందే అన్నాడు. అన్నీ నిజాలే. నిజాలన్నీ చెప్పాడు, ఒక్కటి తప్ప.

"నీకు నాయన కాదా ఆయన?" అంది భారతి.

దేవేంద్ర కుండ ఎత్తుకున్నాడు. కుంకుమ నీళ్ళు అంచు దాటి మణికట్టు మీదికి చిందాయి.

"నాయనే. అందుకే అడగలా," అన్నాడు. "మా అవ్వ మోసింది. మా అమ్మ మోసింది. విన్నోళ్ళు మోయాల వదినా. మా ఇంట్లో అంతే."

"మోసేది మేము. పేరు మాత్రం మీది."

అతను పోతూ పోతూ పప్పు దించు అన్నాడు.

భారతి పప్పు దించింది. మూడు రాళ్ళ మధ్య నిప్పు ఆర్పింది. ఆర్పుతూనే అనుకుంది, నేను చెబుతాను. మా అత్తలాగా ఇన్నేళ్ళు మోసి, ఆఖరి సాయంత్రం తెలుసుకుని, ఒంటరిగా ఏడవను. ఆట పోతే పోనీ. చేతులు కడుక్కోబోయి, మైలతో అన్నీ ముట్టుకున్నాక ఇంక కడిగి ఏం లాభమని మానుకుని, మగవాళ్ళు రంగు వేసుకునే డేరాలోకి పోయింది.

ఉమాశంకర్ ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. మొహానికి ఎర్రరంగు, కళ్ళ చుట్టూ నలుపు. భుజకీర్తులు వేసుకుని, నడుంపట్టీ కోసం చేతులు పైకెత్తి ఎదురుచూస్తున్నాడు. వెనక ముడులు భార్యే వేయాలి. ఇంకొకరు వేస్తే అతనికి బిగువు కుదరదు.

"ఏమే, ఇంతసేపా. సచ్చేవాణ్ణి ఎదురుసూడనీయకూడదంట," అన్నాడు.

ఆమె వెనక్కి పోయి పట్టీ పట్టుకుంది. చెబుదామని నోరు తెరిచేంతలో అతనే మొదలుపెట్టాడు. ఆట కాగానే రంగు కడుక్కోకుండానే ఈ ఊరి మురళీధర్ వాళ్ళ మోటార్ సైకిల్ మీద కుప్పం పోయి బస్సు పట్టుకుంటానన్నాడు. బొమ్మ తొడ దగ్గరి మట్టి గుప్పెడు ముందే తీసి పెట్టమన్నాడు. వధ అయ్యాక జనం ఎగబడి ఆ మట్టి తీసుకుపోయి గింజల గాదెల్లో, పశువుల కొట్టాల్లో వేసుకుంటారు, చివరికి ఆటగాళ్ళకు చిటికెడు మిగలదు.

"నాయన దిండు కింద పెట్టాల. ఆ మట్టి తగిలితే ఊపిరాడతాదని ఆయన నమ్మకం. లేచి కూర్చుంటాడు సూడు," అన్నాడు. "మొన్న కలలో కూడా, వధ బాగా ఆడినావా అబ్బయ్యా అని అడిగినాడు. లేదు నాయనా ఇంగా ఆడలా అన్నా. ఆడి రా, ఈడనే ఉంటా అన్నాడు."

భారతి చేతుల్లో ముడి జారిపోయింది. మళ్ళీ వేసింది. అతని వీపు వెచ్చగా ఉంది. ఆ వీపు వెనక నిలబడి చెప్పడం సులువు, మొహం చూడక్కర్లేదు. రెండే మాటలు. మామ పోయినాడు, అత్త ఫోన్ చేసింది. కానీ ఆడి రా, ఈడనే ఉంటా అన్న ఆ మాటను ఇప్పుడు తను ఎట్లా చెరుపుతుంది? ఇంకొంచెం సేపు, ఈ ఒక్క ముడి పడేదాకా, ఆ ముసలాయన ఈ ఒక్క మనిషికైనా బతికే ఉన్నాడు. తను నోరు తెరిస్తే అక్కడ కూడా చచ్చిపోతాడు.

బయట డప్పులు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. ఉమాశంకర్ లేచి ఆమె వైపు తిరిగాడు. కిరీటం కోసం తల వంచాడు. ఆమె పెట్టింది. అతను వంచిన తల ఎత్తకుండా ఒక క్షణం అట్లాగే ఉండి ఆమెను చూశాడు. ఆ నల్లరంగు మధ్య కళ్ళల్లో ఏముందో ఆమెకు తెలియలేదు. గద తీసుకుని వెళ్ళిపోయాడు.

అతను పోయాక భారతి తన రైక వైపు, కొంగు వైపు, చేతుల వైపు చూసుకుంది. తనను పట్టిచ్చేది ఏమన్నా ఉందా అని వెతుక్కుంది. ఏమీ లేదు. అయినా అడగలేదేం? అమ్మ ఫోన్ చేసిందా అని రోజూ అడిగేవాడు ఈరోజు ఎందుకు అడగలేదు?

ఆటస్థలం మధ్యలో మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒక ఇంటంత పొడుగు. రంగులు వేసిన మీసాలు, కోడిగుడ్డు పెంకులు పొదిగిన కళ్ళు. చుట్టూ తాడు, తాడు అవతల జనం, మిద్దెల మీద జనం. బొమ్మ చుట్టూ అన్నదమ్ములిద్దరూ గదలు ఎత్తుకుని తిరుగుతున్నారు. ఆడవాళ్ళు దుర్యోధనుణ్ణి తిడుతున్నారు, కొందరు చీపుర్లు చూపిస్తున్నారు. ద్రౌపది వేషం కట్టిన సాయిప్రసాద్ జుట్టు విరబోసుకుని, ఆ జుట్టుకు రాసుకునే రక్తం కోసం బొమ్మ తొడ దగ్గర నిలబడ్డాడు. కంపెనీ ఆడవాళ్ళు వధ అయ్యేదాకా తాడు దాటి లోపల అడుగు పెట్టరు. భారతి తాడు పట్టుకుని నిలబడింది. ఉమాశంకర్ ఆ రోజు ఎగిరినట్టు ఎప్పుడూ ఎగరలేదు. బొమ్మ ఛాతీ మీదికెక్కి, నన్ను చంపేవాడు పుట్టాడా అని జనాన్ని అడిగినప్పుడు, తిట్టే ఆడవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగిపోయారు. దేవేంద్ర వెంటపడ్డాడు. ఇంక ఒక్క చుట్టు. తరవాత తొడ మీద దెబ్బ. తరవాత అన్నీ చెప్పుకోవచ్చు.

అప్పుడు భారతి మురళీధర్‌ను చూసింది. భారతం కమిటీ పెద్ద ఆయన. కృష్ణప్ప ఆట చూస్తూ పెరిగిన మనిషి. హరికథ పందిట్లో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. పక్కనున్న వాళ్ళకు చూపిస్తున్నాడు. వాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. కృష్ణప్ప ఫోటోకు దండ వేసి ఎవరో పుంగనూరు నుంచి గ్రూపుల్లో పెట్టారని భారతికి తరవాత తెలిసింది. అప్పుడు ఆమెకు కనపడింది ఒక్కటే. మురళీధర్ కళ్ళు తుడుచుకుని మైకు దగ్గరికి నడుస్తున్నాడు. ఆ మనిషి మనసులో చెడు లేదు. ఈ స్థలంలో పడి లేచిన ఆటగాడికి ఈ స్థలంలోనే దణ్ణం పెట్టించాలనుకున్నాడు.

కంపెనీ ఫోన్లన్నీ మూటగట్టిన భారతికి ఊరివాళ్ళ జేబుల్లో ఫోన్లున్నాయన్న సంగతి తట్టలేదు.

మురళీధర్ మైకును గోటితో తట్టాడు. డప్పులు ఆగాయి. ఉమాశంకర్ బొమ్మ తల దగ్గర ఆగి, ఏమిటా అని అటు తిరిగాడు.

ఇంకొకరు చెప్పగా నేను వినకూడదు.

భారతి తాడు కిందనుంచి దూరింది. వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకుంటే లాక్కుని పరుగెత్తింది. ఆడమనిషి లోపలికొచ్చిందే అని జనం గోల. బొమ్మ చేతిని దాటి, మొగుడి ముందుకు పోయి, కిరీటం కింద అతని రెండు చెవులనూ తన రెండు అరచేతులతో గట్టిగా మూసేసింది.

"అమ్మలారా అయ్యలారా, ఒక్క నిమిషం లేచి నిలబడాల," అంది మైకు. "ఈ ఆటస్థలంలో ఎన్నో ఏండ్లు దుర్యోధనుడై నిలిచిన మన కృష్ణప్ప..."

అరచేతులు అడ్డం పెడితే ఆగే మైకు కాదది. భారతికి తెలుసు. అతనికీ తెలుసు. ఉమాశంకర్ ఆమె మొహంలోకి చూస్తున్నాడు. గద కింద పెట్టి రెండు చేతులూ ఎత్తాడు. తన చేతులు లాగేస్తాడని ఆమె అనుకుంది. అతను వాటి మీద తన చేతులు పెట్టి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నల్లరంగు రెండు చెంపల మీదా కారింది. నేను వినలేదు అన్నట్టు తల అడ్డంగా ఆడించాడు, ఆమెకు మాత్రమే కనపడేటట్టు. జనమంతా లేచి నిలబడి చేతులు జోడిస్తున్నారు.

ఆట ఆగదు, అనుకుంది భారతి. దెబ్బ పడితే చాలు, ఈయన పడిన చోటే నేను చెబుతా, ఇద్దరం ఈ మట్టిలోనే కూర్చుని ఏడుస్తాం.

దెబ్బ కోసం ఆమె తల తిప్పి చూసింది.

బొమ్మ తొడ దగ్గర దేవేంద్ర గద ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడి ఉన్నాడు. అతని చెవులు మూయడానికి ఎవరూ పోలేదు. మైకు చెప్పినదంతా అతను విన్నాడు. ఎత్తిన గద మెల్లగా భుజం మీదికి, భుజం మీదినుంచి నేల మీదికి జారింది. "నాయనా," అన్నాడు భీముడు, ఊరంతా వినేటట్టు. ఇంక దుర్యోధనుణ్ణి చంపడానికి కంపెనీలో మైల లేని చెయ్యి ఒక్కటీ లేదు.